క్యారేజీలో ఉప్పు ఎక్కువైన మాట నిజమే

మా వంటింటి నుంచి రోజూ క్యారేజీ తీసుకుంటున్నవారికీ, ఈమధ్య మానేసినవారికీ నమస్కారం.

డిసెంబరు మొదట్లో విజయవాడలో రోజుకి 142 క్యారేజీలు పంపేవాళ్ళం. సంక్రాంతి దాటేసరికి 109కి వచ్చాయి. పండక్కి ఊళ్ళు వెళ్ళారు, తిరిగొస్తారులే అనుకున్నాను. జనవరి అయిపోయినా రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. తప్పు నాదే. ఏం జరిగిందో, ఇకమీదట ఏం మారుస్తున్నామో చెప్పాలని రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నవంబరు చివర నాకు గట్టిగా జలుబు చేసి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గి వంటింట్లోకి వచ్చాను గానీ వాసన తెలియడం పోయింది. పోయిందన్న సంగతే నాకు తెలియలేదు. ముక్కు దిబ్బడ లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది. కూరలు మాత్రం చప్పగా అనిపించేవి. పదకొండేళ్ళుగా ప్రతి గిన్నే నేను రుచి చూశాకే పొయ్యి మీంచి దిగుతుంది. ఆ అలవాటు ప్రకారం చెంచాడు అరచేతిలో వేసుకుని చూసి, ‘ఇంకాస్త ఉప్పు పడాలి’ అనేదాన్ని. చారులో ఇంగువ తెలియడం లేదని మళ్ళీ వేసేదాన్ని. మా వంట అక్క ఒకసారి ‘చాలేమో అమ్మా’ అంది. నేను వినలేదు.

డిసెంబరు మధ్యలో ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. తొమ్మిదేళ్ళుగా మన భోజనమే తింటున్నారు, ఒక్కనాడు వంక పెట్టింది లేదు. ‘అమ్మా, వారం రోజులుగా ఉప్పు ఎక్కువవుతోంది, కాస్త చూసుకో’ అన్నారు. ‘మిగతా అందరూ బాగుందంటున్నారండీ మాస్టారూ’ అన్నాను. నిజానికి బాగుందని ఎవరూ అనలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆయన మరో మాట మాట్లాడలేదు. నెలాఖరుకి లెక్క చూసుకుని మానేశారు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున పప్పుచారుకి తాలింపు పెడుతున్నాను. బాండీలో నూనె కాగాక ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి వేశాను. ఇంతలో ఫోన్ మోగితే పక్కకి తిరిగి మాట్లాడుతున్నాను. మా అమ్మాయి ముందుగదిలోంచి దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. మెంతులు బొగ్గులయ్యాయి. మిరపకాయలు నల్లబడి ఇల్లంతా పొగ. ‘అమ్మా, మాడు వాసన రావట్లేదా నీకు?’ అంది. నేను బాండీకి రెండడుగుల దూరంలో ఉన్నాను. కళ్ళు మండుతున్నాయి, గొంతు పట్టేసింది, వాసన మాత్రం లేదు.

ఆ మధ్యాహ్నం అది నన్ను కళ్ళు మూసుకోమంది. జీలకర్ర, వాము విడివిడిగా నలిపి ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టింది. ఏది ఏదో చెప్పలేకపోయాను. వామును పుట్టిన దగ్గర్నుంచి ఎరిగినదాన్ని. నమిలితే నాలుక చురుక్కుమంది, అంతే. కొంగు మొహాన పెట్టుకుని ఏడ్చేశాను.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. జలుబు, కోవిడ్ లాంటి వైరస్ జబ్బుల తర్వాత ఇలా జరుగుతుందట. కొందరికి వారాల్లో వచ్చేస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. రోజూ రెండు పూటలా నాలుగు వాసనలు శ్రద్ధగా పీల్చమన్నారు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. పీలుస్తున్నాను. లవంగం వచ్చింది, నిమ్మ అప్పుడప్పుడూ వస్తోంది.

ఇన్నేళ్ళు వంట చేస్తూ కూడా నాకు తెలియని సంగతి ఆయన చెప్పారు. నాలుక పట్టుకునేవి కొన్నే. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసం, పుట్టగొడుగుల్లాంటి వాటిలో ఉండే ఒక కమ్మటి రుచి. మిగతాదంతా, అంటే నెయ్యి కమ్మదనం, ఇంగువ ఘుమఘుమ, కరివేపాకు పరిమళం, నమిలేటప్పుడు గొంతు వెనక దారిలోంచి ముక్కుకి చేరే వాసనే. మనం దాన్ని నోట్లో రుచి అనుకుంటాం. ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు జీలకర్ర నమలండి, రంపపు పొట్టు నమిలినట్టుంటుంది. ముక్కు వదలండి, జీలకర్ర ఒక్కసారిగా వచ్చేస్తుంది. మన షడ్రుచుల్లోని కారం కూడా సైన్సు లెక్కలో రుచి కిందికి రాదు, అది మంట. అందుకే మాడిన మిరపకాయ నా కళ్ళకి తెలిసింది, ముక్కుకి తెలియలేదు. వాసన పోయిన మనిషికి మిగిలేవి నాలుక పట్టే ఆ కొన్ని రుచులూ, కారం మంటే. అందుకే నేను ఉప్పూ కారం పెంచుకుంటూ పోయాను. నా నోటికి సరిపోయేదాకా వేసి మీ అందరికీ పెట్టాను. క్షమించండి.

తర్వాత మానేసిన 33 మందికీ నేనే ఫోన్ చేశాను. 26 మంది ఎత్తారు. అందులో 14 మంది ఉప్పు, కారం అన్నారు. నన్ను ఆలోచనలో పడేసినవాళ్ళు మిగతా 12 మంది. వాళ్ళు చెప్పినవాటికి నా జలుబుతో సంబంధం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఉన్న ఇబ్బందులు, మొహమాటానికి చెప్పలేదంతే.

ఆఫీసుకి క్యారేజీ తెప్పించుకునే ఒక అమ్మాయి, ‘ఆంటీ, కొత్తిమీర నాకు సబ్బు నమిలినట్టుంటుంది. ఇంట్లో చెబితే వంకలంటారు’ అంది. మనం చారు, కూర, పప్పు అన్నిటి మీదా కొత్తిమీర దండిగా చల్లుతాం. అది మన గొప్ప అనుకున్నాను. ఆ పిల్ల రోజూ ఆకులు ఏరి పక్కన పెట్టేదట, అయినా చారంతా ఆ వాసనే. అవి వంకలు కావు. కొత్తిమీరకి వాసన ఇచ్చే ఆల్డిహైడ్లు అనే పదార్థాల్లాంటివే సబ్బుల్లోనూ ఉంటాయి. వాటిని పట్టే ఒక వాసన జన్యువులో తేడా ఉన్నవారికి ఆ సబ్బు వాసన ఎక్కువగా తెలుస్తుందని 2012లో తేల్చారు. అదే ఏడాది కెనడాలో యువతని అడిగిన ఒక పరిశోధనలో, మన దక్షిణాసియా మూలాలున్నవారిలో 7 శాతం మంది కొత్తిమీర నచ్చదన్నారు. మన 142 క్యారేజీలకి ఆ లెక్క కడితే పది మంది. పదకొండేళ్ళలో నాకు చెప్పింది ఈ ఒక్క అమ్మాయే.

ఇంకో ఇంట్లో భార్యాభర్తలిద్దరూ మన క్యాబేజీ కూరే తింటారు. ఆయన రెండోసారి వడ్డించుకుంటారు, ఆవిడ చేదంటారు. పాతబడిన క్యాబేజీ వాడుతున్నామని ఆవిడ అనుమానం. కాదమ్మా, ఆ పొద్దున తెచ్చినదే. దీనికి అమెరికాలో 1931లో జరిగిన ఒక సంగతి ఉంది. ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త డ్యూపాంట్ ప్రయోగశాలలో పీటీసీ అనే పొడిని సీసాలో పోస్తుంటే కొంచెం గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి ‘అబ్బ, చేదు’ అన్నాడు. ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఇద్దరూ ఆ పొడిని నాలుక మీద వేసుకుని చూసినా అంతే, ఒకరికి చేదు విషం, ఒకరికి ఏమీ లేదు. అది పుట్టుకతో వచ్చే తేడా అని తర్వాత తేలింది, 2003లో దాని జన్యువును కూడా పట్టుకున్నారు. క్యాబేజీ, ముల్లంగి, ఆవాల జాతిలో ఉండే చేదు కూడా అలాంటి నాలుకలకే ఎక్కువ తగులుతుంది. ఆవిడ నాలుక అబద్ధం చెప్పడం లేదు, మా క్యాబేజీ కూడా పాతది కాదు. ఉప్పు చేదును అణుస్తుంది. కాకరకాయ చక్రాలకి ఉప్పు రాసి పిండే అమ్మమ్మల పద్ధతిలో ఆ గుట్టు కూడా ఉంది. క్యాబేజీ వండే రోజున ఆవిడ క్యారేజీలో దాని బదులు దొండకాయ పెడతామన్నాను.

అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది ఆరేళ్ళ బాబున్న ఒక తల్లితో. బాబుకి ఆటిజం. పెరుగన్నం, కరకరలాడే బంగాళాదుంప వేపుడు, ఇంకో రెండు మూడు తప్ప ముట్టుకోడు. అందుకే మన దగ్గర వేపుడూ పెరుగన్నం తీసుకునేది. ఒకరోజు పై గిన్నె మూత సరిగ్గా పడక బెండకాయ పులుసు కారి వేపుడులో కలిసింది. రెండు చుక్కలే. ముక్కలు మెత్తబడ్డాయి, ఒకటి రెండింటికి జిగురు అంటింది. వాడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, ఆ రోజంతా పస్తున్నాడు. తర్వాత నెల రోజులు ఆ స్టీలు గిన్నె కనబడితేనే వెళ్ళిపోయేవాడట. ‘మొండితనం కాదండీ, ఆ జిగురు వాడి నోటికి నిజంగా భరించలేనంత’ అంది ఆ అమ్మ. ఆమె గొంతులో అలసట వినబడింది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి స్పర్శ, వాసన, చప్పుడు మనకంటే చాలా గట్టిగా తగులుతాయి, ఆహారం ఎప్పటిలా లేకపోతే నోట్లో పెట్టలేరు. రెండు చుక్కల పులుసు మనకి తుడిచేస్తే పోయేది. ఆ ఇంటికి ఒక పూట భోజనం.

మామూలు పిల్లల్లోనూ రెండు నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త కూరని చూసి భయపడేవాళ్ళు ఎక్కువ. చేదు కూడా పెద్దవాళ్ళ కంటే పిల్లలకే గట్టిగా తెలుస్తుంది. బలవంతంగా కుక్కితే ఆ కూరంటే అసహ్యం మిగులుతుంది. ఊరికే కంచంలో కొంచెం కనబడేలా పెడుతూ పోతే ఎనిమిది పది సార్లకి చాలామంది నోట్లో పెట్టుకుంటారు. మా అమ్మాయి కాకరకాయ తినడం మొదలుపెట్టింది అలాగే.

పెద్దవయసువారి సంగతి వేరు. వయసుతో వాసన మందగిస్తుంది, నోట్లో తడి తగ్గుతుంది. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్‌తో కొందరికి నోట్లో ఇనుము రుచి వస్తుంది. ఒక పెద్దాయన ఆ రుచి మా గిన్నెలదనుకుని మానేశారు.

కారం గురించి ఒకే రోజు, ఒకే గోంగూర పప్పు మీద రెండు ఫోన్లు వచ్చాయి. ఒకరిది గుంటూరు, ‘ఇదేం కారమండీ, పిల్లల తిండిలా ఉంది’ అన్నారు. ఒకరు ‘కళ్ళలో నీళ్ళొచ్చాయి’ అన్నారు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పట్టే నరాలనే తట్టి లేపుతుంది. అది కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్‌కి నోబెల్ వచ్చింది. అదే నరం దాదాపు 43 డిగ్రీల వేడికీ స్పందిస్తుంది కాబట్టి పొగలు కక్కే పప్పులో కారం ఇంకా మండుతుంది. రోజూ తినేవాళ్ళకి ఆ నరాలు మొద్దుబారతాయి. మంట పుడితే నీళ్ళు తాగకండి, క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పెరుగు ముద్ద తినండి. పాలలోని ప్రోటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది.

ఇక మా మార్పులు. ఏ గిన్నె అయినా దింపే ముందు ముగ్గురు రుచి చూస్తారు, వంట అక్క, మా అమ్మాయి, క్యారేజీలు సర్దే అబ్బాయి. ఇద్దరు చాలంటే చాలు. ఆ ముగ్గురిలో నేను లేను. కొత్తిమీర చిన్న కాగితం పొట్లంలో విడిగా వస్తుంది. కారం కాస్త తగ్గించి వండి, కావలసినవారికి పొడి పొట్లం పెడతాం. ఆ బాబు లాంటి పిల్లలకి వేపుడు కోసం రబ్బరు అంచున్న వేరే డబ్బా కొన్నాం, దానిలోకి ఏమీ కారదు. ఈ పొట్లాలకీ డబ్బాలకీ అయ్యే ఖర్చు వల్ల వచ్చే నెల నుంచి క్యారేజీ 110 నుంచి 115 రూపాయలు అవుతుంది. డిసెంబరు, జనవరి నెలలకి ముందే డబ్బు కట్టినవారికి ఐదు రోజుల భోజనం మా తరఫున.

ఉప్పు దగ్గర ఒక చిక్కు వచ్చింది. పాత కొలతకి దించగానే మొదటి వారంలోనే ఆరుగురు ‘ఇప్పుడు చప్పగా ఉంది’ అన్నారు. రెండు నెలలు నేను పెట్టిన ఉప్పుకి వాళ్ళ నాలుకలు అలవాటు పడిపోయాయి. అలవాటు తప్పడానికీ కొన్ని వారాలు పడుతుంది. అందుకని నాలుగు మెట్లుగా దించుతున్నాం, వారానికో మెట్టు. రోజుకి మనిషికి మొత్తం 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మన పచ్చళ్ళతో అది తేలిగ్గా దాటిపోతుంది. కాబట్టి పాత కొలత కంటే ఇంకాస్త కిందే ఆపుతాం. చప్పగా ఉందనిపిస్తే ఈ నెల ఓర్చుకోండి.

ఏ మనిషికి ఆ మనిషి కూర వండడం మాత్రం మా నలుగురి వల్ల కాదు. పడనిది ఏదో చెబితే దాన్ని విడిగా పెట్టడమో, మార్చడమో చేస్తాం. ముందు రోజు సాయంత్రం ఏడు లోపు ఫోన్ చేయండి. ఎందుకు పడదో చెప్పనక్కర్లేదు.

మాస్టారి ఇంటికి నిన్న నేనే వెళ్ళాను. ఉప్పు తగ్గించిన చారు చిన్న గిన్నెలో తీసుకెళ్ళాను. ఆయన అక్కడే గుమ్మంలో నిలబడి రెండు గుక్కలు తాగి, ‘ఉగాది నుంచి పంపు’ అన్నారు.

ఉగాది రోజు ప్రతి క్యారేజీతోనూ పచ్చడి వస్తుంది. వేపపువ్వు విడిగా పెట్టమని ఇప్పటికే ఇద్దరు అడిగారు. ఆ ఒక్కదానిలో మాత్రం కలిపే ఇస్తాం, ఒక చెంచాడే.