మన ఆఫ్‌రోడ్ సంఘం 2024–25 వార్షిక నివేదిక: ఏడాదంతా ఒకే పికప్

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో ఎన్ని ట్రిప్పులు వేశాం, ఎంతమంది చేరారు, ఎంత చందా బాకీ ఉంది అని రాసి ముగించేవాణ్ణి. ఈసారి కుదరదు. మన ఆదివారాల్లో సగానికి పైగా ఒకే బండి మింగేసింది. దాని సంగతి ఉన్నదున్నట్టు చెప్పకపోతే, వచ్చే ఏడాది ఇంకో ఇద్దరు అదే గోతిలో దిగుతారు. ఇద్దరూ ఇప్పటికే నాకు ఫోన్ చేశారు.

మిగతావి ముందే చెప్పేస్తాను. వానాకాలం మూడు ట్రిప్పులు, చలికాలం రెండు వేశాం. అనంతగిరి వైపు వెళ్ళినప్పుడు రేగడి మట్టిలో దిగబడ్డ జిప్సీని తీయడానికి మరో రెండు జిప్సీలు దిగబడ్డాయి. ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి వివరించను. ప్రథమ చికిత్స తరగతి బాగా జరిగింది, కానీ వచ్చినవాళ్ళు తక్కువ. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

ఇక పికప్ సంగతి. పోయిన సర్వసభ్య సమావేశంలో మన సభ్యుడొకాయన తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి ముందు వైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు) వేసుకుంటానన్నారు. చేతిసాయం, షెడ్డు మనవి, ఖర్చు ఆయనది అని తీర్మానించాం. అప్పుడే కొందరు "ఆ డబ్బుతో ఒక జిప్సీ కొనుక్కోవచ్చు కదా" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. 1985లో వచ్చిన జిప్సీకి కంపెనీ నుంచే ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్ళు, కమాన్ పట్టీలు ఉన్నాయి. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకీ రెండు వైపులా సాలిడ్ యాక్సిళ్ళే, కాకపోతే పట్టీలకు బదులు కాయిల్ స్ప్రింగులు. కానీ ఆయనకు వెనక తొట్టి కావాలి. పైగా ఆ బండి వాళ్ళ నాన్నగారిది. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

కొత్త సభ్యుల కోసం కొంచెం వివరం. ఆ పికప్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, బరువు మోసేది టోర్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. రోడ్డు మీద ఇది హాయి. రాళ్ళ మీద కథ వేరు. ఎత్తు పెంచుదామని టోర్షన్ బార్ బోల్టు బిగిస్తే బండి లేస్తుంది గానీ, చక్రం కిందికి వేలాడే జాగా పోతుంది. యాక్సిల్ షాఫ్టులు ఏటవాలుగా నిలబడి రబ్బరు బూట్లు చిరుగుతాయి. సాలిడ్ యాక్సిల్‌లో రెండు చక్రాలకూ ఒకటే గొట్టం. ఒక చక్రం రాయెక్కితే రెండోది నేలకు ఒత్తుకుంటుంది. హౌసింగ్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో టైరు సైజు తేలుస్తుంది. స్ప్రింగులు ఎంత నొక్కుకున్నా ఆ ఎత్తు తగ్గదు. మన చుట్టుపక్కల ఉన్నవన్నీ గుండ్రాళ్ళు, పలకబండలే కాబట్టి ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇది మనం కనిపెట్టింది కూడా కాదు. అమెరికాలో టొయోటా 1986 మోడల్ నుంచి పికప్ ముందు సాలిడ్ యాక్సిల్ తీసేసి విడిగా ఆడే చక్రాలు పెడితే, అక్కడివాళ్ళు 1985 దాకా వచ్చిన బండ్ల యాక్సిళ్ళు వెతికి తెచ్చి మళ్ళీ బిగించుకున్నారు.

మొదటి తప్పు మనదే. యాక్సిల్ కోసం వెళ్ళిన ముగ్గురిలో నేనూ ఉన్నాను. టేపు తీసుకెళ్ళాం గానీ బుద్ధి తీసుకెళ్ళలేదు. వెడల్పు కొలిచాం, హబ్ బోల్టులు లెక్కపెట్టాం, బేరం ఆడాం, ఆటో ట్రాలీలో వేసుకుని వచ్చేశాం. షెడ్డులో బండి కింద పెట్టి చూస్తే యాక్సిల్ గుండు (గేర్లు ఉండే డిఫరెన్షియల్ ఉబ్బు) ఎడమ పక్కన ఉంది, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే గేరు పెట్టె) నుంచి ముందుకొచ్చే షాఫ్టు కుడి పక్కన దిగుతోంది. రెంటినీ కలపాలంటే షాఫ్టు ఇంజిన్ అడుగున అడ్డంగా పోవాలి. అమ్మినాయన వెనక్కి తీసుకున్నాడు, కానీ ఇచ్చినంత ఇవ్వలేదు. ఇవ్వాలని మేమూ గట్టిగా అడగలేకపోయాం.

రెండోసారి ఉపాధ్యక్షులు తానే వచ్చారు. పాత మిలిటరీ బండి కింది యాక్సిల్, గుండు కుడి పక్కనే ఉంది. అక్కడే, ఆ నూనె నేల మీదే, గేర్ల పళ్ళ లెక్క చూశారు. యాక్సిల్‌ని రెండు దిమ్మెల మీద పెట్టి, పినియన్ (షాఫ్టు తగిలే చిన్న గేరు) మీద సుద్దముక్కతో ఒక గీత, హౌసింగ్ మీద ఒక గీత గీశారు. ఒక వైపు హబ్‌ని నన్ను గట్టిగా పట్టుకోమన్నారు. రెండో వైపు హబ్‌ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టారు. వచ్చిన అంకే క్రౌన్ పినియన్ రేషియో. పికప్ వెనక యాక్సిల్‌కీ అదే లెక్క ముందురోజు చేసిపెట్టుకున్నారు. రెండూ కలిశాయి. కలవకపోతే ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి లాక్కుని, చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది. ఈ పరీక్షకు పట్టింది పది నిమిషాలు, ఖర్చు ఒక సుద్దముక్క.

కోత పని రెండు ఆదివారాలు. పాత ఆర్ములు, టోర్షన్ బార్లు, ముందు డిఫరెన్షియల్ మోసే క్రాస్ మెంబర్ తీసేశాక బ్రాకెట్లు గ్యాస్ కటింగ్‌తో కోసి, గ్రైండర్‌తో నున్న చేశాం. మొదలుపెట్టే ముందు ఛాసిస్ నంబర్ కొట్టిన చోట గ్రీజు రాసి, రేకు కప్పి, టేపు చుట్టాం. ఆ నంబర్‌కి గ్రైండర్ తగిలితే బండి ఎవరిదో నిరూపించుకోవడానికి తిరగాల్సి వస్తుంది. వెల్డింగ్ ఆటోనగర్ మేస్త్రీ చేశారు. మాలో ఒకరిద్దరికి వెల్డింగ్ వచ్చు, కానీ గేట్లు అతికించే చెయ్యి వేరు, ఛాసిస్ అతికించే చెయ్యి వేరు. ఆయన బలం పలకలను చతురస్రంగా కోయనివ్వలేదు. కొసలు చేపమూతిలా కోయించారు. ఛాసిస్‌కి నేరుగా అడ్డంగా వెల్డింగ్ గీత పడితే రేపు పగులు ఆ గీత వెంటే వస్తుందట. ముందు బ్యాటరీ తీగలు విప్పించి, ఆ తర్వాతే రాడ్డు ముట్టుకున్నారు.

పట్టీలు మొత్తం వేసి బిగించేద్దామని అందరికీ తొందర. మేస్త్రీ ఒప్పుకోలేదు. కట్టలో పెద్ద పట్టీ ఒక్కటే ఉంచి, జాకీతో యాక్సిల్‌ని పైదాకా ఎత్తించారు. టై రాడ్ (ముందు చక్రాలు రెంటినీ కలిపి తిప్పే కడ్డీ) వెళ్ళి ఆయిల్ సంపుకి తగిలింది. మొత్తం కట్ట వేసి ఉంటే అది షెడ్డులో తగిలేది కాదు, మొదటి గుంతలో తగిలేది. యాక్సిల్‌ని అంగుళం ముందుకు జరిపి, యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాపులు కిందికి దించాం. పట్టీలను యాక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులు బాగానే ఉన్నాయి కదా అని ఒకరు అన్నారు. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టు మళ్ళీ అలా పట్టదు. రాణిగంజ్ వెళ్ళి కొత్తవి తెచ్చాం.

అసలు పని స్టీరింగ్. యాక్సిల్ కనబడే వస్తువు కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. ఈ ఏడాది మనల్ని ఏడిపించింది మాత్రం స్టీరింగే. పాత బండిలోని ర్యాక్ ఇక్కడ పనికిరాదు, స్టీరింగ్ బాక్సు కావాలి, దాన్ని మోసే చోట ఛాసిస్‌కి లోపల గొట్టాలు వేయాలి. అదంతా అయ్యాక చేవెళ్ళ దగ్గర సభ్యుడి తోటలో మట్టిదారి మీద మొదటిసారి నడిపాం. గంటకు ముప్పై కిలోమీటర్లు దాటి చిన్న గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెత్తినట్టు ఊగాయి. స్టీరింగ్ చేతుల్లోంచి జారింది. బండి ఆగేదాకా ఆ ఊపు ఆగలేదు. పక్క సీట్లో ఉన్నది నేనే. ఆ రోజు టెన్షన్‌కి మధ్యాహ్నం భోజనం కూడా సరిగా దిగలేదు.

స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే షాక్ అబ్జార్బర్) వేస్తే పోతుందని ముగ్గురు చెప్పారు. డ్యాంపర్ జబ్బును కప్పిపెడుతుంది, తగ్గించదు. ముందు కాస్టర్ కోణం (చక్రం పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి ఎంత వాలిందో చెప్పేది) కొలిచాం. ఒక డిగ్రీ కూడా లేదు, చక్రం తనంతట తాను నేరుగా రావాలన్న బుద్ధే దానికి లేదు. పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య మూడు డిగ్రీల ఇనుప చీలికలు పెట్టాం. ఐదు దాకా పోదామంటే ఇంకో చిక్కు. యాక్సిల్ పైభాగాన్ని వెనక్కి వాల్చినకొద్దీ పినియన్ ముక్కు నేల చూస్తుంది, షాఫ్టు జాయింటు మీద మెలిక పెరుగుతుంది. మూడు దగ్గర రాజీపడ్డాం. ఊపు తగ్గింది గానీ పోలేదు.

చివరికి దొరికింది ఒక స్ప్రింగ్ కాటాతో. టై రాడ్ విప్పి, కాటా కొక్కేన్ని స్టీరింగ్ ఆర్ముకి తగిలించి మెల్లగా లాగాం. కుడి పక్క ముల్లు పైకి పోయాక కదిలింది. ఎడమ పక్క లాగీలాగకముందే వచ్చేసింది. అంటే ఎడమ కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులకు పట్టు లేదు. మూత విప్పి కింద ఉన్న షిమ్ముల్లో ఒకటి తీసి, మళ్ళీ బిగించి, మళ్ళీ లాగాం. రెండూ సమానంగా వచ్చేదాకా నాలుగుసార్లు. కాగితం కంటే కొంచెం మందం ఉన్న రేకు అది. తర్వాతి ఆదివారం అదే దారి, అదే గతుకు, బండి గమ్మున పోయింది. ఆ షిమ్మును బండి యజమాని తన తాళం గుత్తికి తగిలించుకున్నారు.

బ్రేకుల గురించి ఒక్క మాట. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా లాగుడు పడనంత పొడుగు ట్యూబులు వేశాం. ఏబీఎస్ (బ్రేకేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్లకు కొత్త యాక్సిల్ మీద చోటు లేదు, ఏబీఎస్ పోయినట్టే.

ఇప్పుడు కొందరికి నచ్చని సంగతి. ఈ బండి రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పికప్ తోటలోనే ఉంటుంది, వేరే చోటికి పోవాలంటే లారీ ఎక్కుతుంది. "ఎవరు చూస్తారు" అనే మాట నా దగ్గర అనవద్దని మనవి. ఇన్సూరెన్సువాళ్ళు చూస్తారు, అదీ సరిగ్గా మనకు అక్కర ఉన్న రోజున. కోసిన బ్రాకెట్లు మళ్ళీ అతకవు కాబట్టి వెనక్కి పోయే దారి కూడా లేదు.

ఫోన్ చేసిన ఇద్దరికీ నా జవాబు ఇదే. మీ బండి రోజూ ఆఫీసుకి పోయేదైతే వద్దు. టోర్షన్ బార్లు కంపెనీ ఎత్తుకు దించి, మంచి టైర్లు, వెనక ఒక లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది) వేసుకోండి. మన ట్రిప్పుల్లో తొంభై శాతానికి అది చాలు. అయినా చేస్తామంటే, యాక్సిల్ కొనే ముందు గుండు ఏ పక్కన ఉందో ఫొటో తీసి నాకు పంపండి.

పెండింగ్ పనులు: పికప్ కుడి హబ్ దగ్గర గ్రీజు కారుతోంది, సీలు మార్చాలి. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి, ఇప్పటికి అరవై తిరిగింది. సంఘం టార్క్ రెంచ్ జూన్‌లో ఎవరో పట్టుకెళ్ళారు, రిజిస్టర్లో సంతకం లేదు. సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చేయండి, ఎవరని అడగను.

ఇట్లు
కార్యదర్శి