ఓవెన్ రిపేరు కాదు, అసలు సంగతి ఇదీ

మూడు వారాలుగా కౌంటర్ మీద ‘బ్రెడ్డు లేదు’ అని అట్ట పెట్టి, అడిగినవాళ్లకు ఓవెన్ రిపేరు అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. ఓవెన్ బాగానే ఉంది. చెడిపోయింది పిండి.

అనంతపురంలో ఈ బేకరీ షెడ్డు పెట్టినప్పటి నుంచి మైదాను లోపలికి రానివ్వలేదు. జొన్న, కొర్ర, రాగి, జిగురు కోసం కాస్త ఇసబ్గోల్ పొట్టు, అంతే. పిండి ఆడించడం మాత్రం బయట మిషన్‌లో. ఆ మిషన్ ఆయన మా నాయన కాలం నుంచి తెలిసినాయన. ఉన్న మూడు మిషన్లలో ఒకదాంట్లో గోధుమ వెయ్యనని మాటిచ్చాడు. ఆ మాట నమ్మే ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ, అంటే గోధుమలో ఉండే బంక పదార్థం లేదని, స్టిక్కర్ వేశాను.

పోయిన నెల ఒకమ్మాయి వచ్చింది. వాళ్లబ్బాయికి సీలియాక్ జబ్బు, గోధుమ కొంచెం పడినా పేగు దెబ్బతింటుంది. గొడవేమీ చేయలేదు. “అక్కా, పిండిలో ఏమన్నా మార్చినారా? పిల్లోనికి మూడు రోజులుగా కడుపునొప్పి” అంది. “మా దగ్గర అట్లాంటివి జరగవు” అని పౌరుషంగా అనేశాను.

మరుసటి రోజు పొద్దున ఆరుకే మిషన్ దగ్గరికి పోయా. పిండి దిగే గుడ్డ గొట్టం దులిపి, రాలిన పిండిని ముద్ద చేసి కొళాయి కింద కడిగా. జొన్నపిండి అయితే నీళ్లతో పాటే పోవాలి. అరచేతిలో బంక మిగిలింది, లాగితే సాగింది. ఏదో హాస్టల్‌కు గోధుమపిండి ఆర్డర్ వచ్చిందట, రెండు మిషన్లు చాలక మాదాంట్లోనూ ఆడించాడు. ఎప్పటి నుంచో చెప్పడు. “దోసెడు గోధుమపిండికి ఏమైపోతుందమ్మా, రోజూ తినేదే కదా” అన్నాడు. కిలోలో 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటితే మన దేశంలో ఆ స్టిక్కర్ వేయకూడదు. ఈయన దోసెడు అంటాడు! పేరు అడగొద్దు, చెప్పను.

స్టిక్కర్ తీసేసి ఉత్త జొన్న బ్రెడ్డుగా అమ్ముకోమని మా ఇంటాయన అన్నాడు. లెక్కకు అదే సరి. మీలో చాలామంది రుచికో, షుగర్ ఉందనో కొంటారు. (బెల్లం బిస్కెట్‌లో బెల్లం బెల్లమే, మళ్లీ చెబుతున్నా.) మూడు రాత్రులు నిద్ర లేదు. స్టిక్కర్ పీకేస్తే ఆ అబ్బాయి లాంటోళ్లు ఏం తినాలి? చివరికి చీటీ పాడి సొంత మిషన్ కొన్నా. పాత పిండి నలభై కిలోలు పక్కింటి ఎనుములకు పోయింది.

కొత్త పిండిని ల్యాబ్‌లో పరీక్ష చేయించా, రిపోర్టు కౌంటర్ మీదే ఉంటుంది. సోమవారం నుంచి బ్రెడ్డు, కొర్ర బిస్కెట్లు రెడీ. మిషన్ చిన్నది, బ్రెడ్డు కాస్త బరక. పది రూపాయలు పెంచక తప్పలేదు. పాత ప్యాకెట్లు సగం తిన్నవైనా తెచ్చివ్వండి, డబ్బు వాపసు.

ఓవెన్ రిపేరని నమ్మి తెలిసిన మెకానిక్‌ను పంపిన సారూ, ఆయనకు టీ ఇచ్చి, పాత మిక్సీ ఒకటి చూపించి పంపేశా. క్షమించండి.