ఈ ఏడు ఆ ఓక్‌విల్ కాబర్నే మా షాపులో ఉండదు

అందరికీ నమస్కారం.

ఈ రోజులొస్తే మీలో చాలామంది అడిగేది ఒకటే: "నాపా నుంచి మన ఓక్‌విల్ పెట్టెలు ఎప్పుడు దిగుతున్నాయండీ?" అంటే కాలిఫోర్నియాలో నాపా లోయలోని ఓక్‌విల్‌లో కాబర్నే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్. ఈసారి దిగవు. వైనరీ (వైన్ చేసే సంస్థ) వాళ్లు ఇవ్వక కాదు, మేమే వద్దన్నాం. 2022 వింటేజ్‌కి (అంటే ఆ ఏడు కోసిన ద్రాక్షతో చేసిన వైన్‌కి) మా కోటా మాకొచ్చింది, వదిలేశాం. ఈ మాట మీకు బయట ఎవరో చెప్పేకంటే మేం చెప్పడమే మర్యాద. వైనరీ పేరు రాయను. కొనేవాళ్లకి తెలుసు, కొననివాళ్లకి అక్కర్లేదు.

కిందటేడు సీసా 225 డాలర్లకి మీకిచ్చాం. ఈసారి మా లాభం ఎంత తగ్గించుకున్నా 310కి తక్కువ ఇవ్వలేం. అదొక్కటే అయితే పంటి బిగువున ఒప్పుకునేవాళ్లమేమో. దానికి తోడు ఒక షరతు పెట్టారు. పెద్ద వైన్ ఒక కేసు (పన్నెండు సీసాలు) కావాలంటే వాళ్ల రెండో లేబుల్ (కింది రకం వైన్) రెండు కేసులు, రోజే (గులాబీ రంగు వైన్) ఒక కేసు కూడా ఎత్తాలి. జవాబుకి వారం గడువు, దాటితే మా కోటా ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఆ మెయిల్లో మా పేరు లేదు, షాపు పేరు కూడా లేదు. "గౌరవనీయ భాగస్వామి" అని ఉంది.

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. 2020లో రెస్టారెంట్లు మూతపడి వైన్ కదలక గోడౌన్లలో నిలబడిపోయినప్పుడు ఇదే వైనరీ వాళ్లు మాకు పేరు పెట్టి ఫోన్ చేశారు. "ఇంకో పది కేసులు తీసుకోగలరా" అని అడిగారు. మాకూ అప్పుడు కష్టంగానే ఉంది. అయినా తీసుకున్నాం, గడువు తప్పకుండా డబ్బు కట్టాం, మీరూ మా మాట మీద కొన్నారు. ఆ సెప్టెంబరులోనే నాపాలో గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చింది. పొగ పట్టిన ద్రాక్షతో చేయడం ఇష్టంలేక నాపాలో చాలామంది 2020 కాబర్నే బయటికే తేలేదు. వీళ్లూ తేలేదు. ఆ వింటేజ్ వంతు వచ్చినప్పుడు మాకు అమ్ముకోవడానికి ఏమీ లేకపోయినా ఒక్క మాట అనలేదు. పైగా మంచి పని చేశారని మా కౌంటర్లో నిలబడి అందరికీ చెప్పాం. అలాంటి మాకు వారం గడువు పెట్టారు. మా ఆవిడ ఆ మెయిల్ చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది, రాత్రి భోజనాల దాకా ఆ ఊసెత్తలేదు.

ధర పెరగడానికి కారణాలు లేవని నేననను. ఓక్‌విల్‌లో నేల దొరకదు. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా ఒక్కటి వెయ్యి డాలర్ల పైమాటే, అందులోంచి వచ్చేది మూడొందల సీసాలు. ద్రాక్ష సంగతి ఇంకా చిత్రం. అక్కడి టు కాలన్ తోటలో ద్రాక్ష పండించి అమ్మే ఆండీ బెక్‌స్టాఫర్ కట్టిన లెక్క అందరికీ తెలిసిందే: సీసా ధరకి వంద రెట్లు టన్ను ధర. సీసా 200 డాలర్లకి అమ్మితే టన్నుకి 20,000. గుంటూరు యార్డులో మిర్చి రేటు, ఊరగాయ సీసా మీద అచ్చయిన ధర చూసి కట్టినట్టన్న మాట. రైతు ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ లెక్క మొదటిసారి విన్నప్పుడు లేచి దండం పెట్టాలనిపించింది. కానీ మన వైనరీ ద్రాక్ష కొనదు. తోట వాళ్లదే, ఎప్పుడో కొన్నది. కాబట్టి ఆ కారణం వాళ్లకి వర్తించదు.

వింటేజ్ సంగతి కూడా చెప్పాలి. 2022 సెప్టెంబరు మొదట్లో నాపాలో ఎండలు రోజుల తరబడి దంచాయి, 110 ఫారెన్‌హీట్ దాటిన చోట్లున్నాయి. ముందే కోసుకున్నవాళ్లు గట్టెక్కారు. ఆగినవాళ్లలో కొందరి వైన్లలో ఎండు ద్రాక్ష వాసన తగులుతుంది. వీళ్ల 2022 మేం రుచి చూశాం. బాగానే ఉంది. వీళ్ల 2019 పక్కన పెడితే మాత్రం మధ్యలో పలచబడుతుంది, చివర్లో ఆల్కహాల్ మంట తెలుస్తుంది. తక్కువ వింటేజ్‌కి ఎక్కువ ధర అడుగుతూ మీ ముందు నేను నిలబడలేను.

ఈ ధరలు ఎక్కడ మొదలయ్యాయో మీలో పాతవాళ్లకి గుర్తే. నాపా వైన్ ఓపస్ వన్ 1979ది 1984లో బయటికి వచ్చినప్పుడు 50 డాలర్లు, అప్పట్లో అదే విడ్డూరం. ఇంకో నాపా వైన్ స్క్రీమింగ్ ఈగిల్ తొలి వింటేజ్ 1992ది, అదీ 50 డాలర్ల ప్రాంతంలోనే వచ్చింది. ఇవాళ దాని వైనరీ ధరే వెయ్యి దాటింది. ఇది చూసే మనవాళ్లు చాలామంది ఒక పద్ధతి పట్టారు: ఆరు సీసాలు కొనడం, కొన్నేళ్లాగి మూడు అమ్మడం, ఆ డబ్బుతో మిగతా మూడు తాగడం. వేలంలో ధర వైనరీ ధర కంటే పైన ఉన్నంత కాలం ఆ పద్ధతి నడిచింది. మీలో ఒకాయన, ఫ్రీమాంట్ పెద్దాయన, ఈ మధ్య తన సీసాలు వేలానికి పెడితే కొన్న ధర కూడా రాలేదు. కమీషను పోగా చేతికొచ్చింది చూపించి, "నేను దీన్ని తాగడానికే దాచుకుంటే సరిపోయేది" అన్నారు. ఆయన కోపం నాకు న్యాయంగానే తోచింది.

ఇంకొందరు మీరెంత ధర చెప్పినా తీసుకుంటామన్నారు. ఒక అమ్మాయి కాన్పు అయిన ఏడాది నుంచీ ప్రతి వింటేజ్‌వీ మూడేసి సీసాలు పాప పేరున దాస్తోంది. వరస తెగిపోతుందని బాధపడింది. నేను అన్నిటికంటే ఎక్కువ తటపటాయించింది ఆ అమ్మాయి కోసమే. "అన్నయ్యా, ఆ మూడు సీసాలైనా తెప్పించలేరా" అని అడిగితే ఒక పూట నిర్ణయం మార్చుకునేదాకా వెళ్లాను. కానీ మూడు సీసాలు తేవాలంటే, అమ్ముడుపోని ఆ రోజే వైన్ నా గోడౌన్లోకి వచ్చి పడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి మీకు అక్కర్లేనిది మీకే అంటగట్టాలి. ఆ పని మేం చెయ్యం. వచ్చే ఏడు కూడా ఇదే షరతు పెడితే ఇదే జవాబు.

బ్రోకర్ల దగ్గర కొని ఇమ్మని కొందరన్నారు. అదీ చెయ్యం. ఆ సీసా ఏ వేసవిలో ఏ ట్రక్కులో ఎన్ని గంటలు ఉడికిందో మనకి తెలియదు. కిందటేడు ఒకరు బయట కొన్న పెట్టె మా దగ్గరికి తెచ్చి చూపించారు. రెండు సీసాల్లో కార్కు అంచు దాటి పైకి పొడుచుకొచ్చింది, కాప్స్యూల్ (కార్కు మీది రేకు తొడుగు) ఒలిస్తే కింద ఎండిపోయిన వైన్ చార జిగటగా తగిలింది. అలాంటివి మా బిల్లు మీద వెళ్లవు.

కొనేవాళ్లు ఆగితే ధరలు దిగుతాయా అంటే, ఫ్రాన్సులోని వైన్ సీమ బోర్డోలో దిగాయి. 2024లో 2023 వింటేజ్‌ని అమ్మకానికి పెట్టినప్పుడు లఫీట్, మూటాన్ లాంటి అక్కడి పెద్ద వైనరీల పేర్లే ముందటేడు మీద మూడో వంతుకు అటూ ఇటూగా తగ్గించాయి. నాపా కూడా దిగుతుందని నేను మాటివ్వను.

బదులు ఏం తాగాలి అంటారా? ఓక్‌విల్ కంటే కొండ వైన్లు నాకెప్పుడూ ఎక్కువ ఇష్టం, ఇప్పుడైనా వినండి. క్యూపర్టినో పైన కొండ మీద రిడ్జ్ వైనరీ వాళ్ల మాంటె బెల్లో తోట ఉంది, మీలో సగం మంది ఆఫీసులకి కనుచూపు మేరలో. కాలిఫోర్నియా వైన్లు ఫ్రెంచ్ వైన్లని ఓడించిన 1976 ప్యారిస్ పోటీని ముప్పై ఏళ్ల తర్వాత 2006లో మళ్లీ పెట్టినప్పుడు మొదట నిలిచింది దాని 1971 వైనే. ధర తక్కువేమీ కాదు, కానీ ఎన్నేళ్లు నిలుస్తుందో చూపించిన వైన్ అది. అంత పెట్టలేనివాళ్లకి శాంటా క్రూజ్ కొండల నుంచి, నాపాలోని మౌంట్ వీడర్ కొండ నుంచి 90 డాలర్ల లోపు మూడు వైన్లు ఎంచి పెట్టాం. శనివారం సాయంత్రాలు సీసాలు తెరిచి ఉంచుతాం. రుచి చూసి, నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పండి.

మా లాకర్లలో ఉన్న మీ పాత సీసాలకి ఏ మార్పూ లేదు. 55 ఫారెన్‌హీట్‌లో ఎక్కడివక్కడే ఉన్నాయి, అద్దె పెంచడం లేదు. 2022కి అడ్వాన్సు కట్టినవాళ్లందరికీ పూర్తి డబ్బు వెనక్కి వేశాం. ఇంకా పడనివాళ్లు ఉంటే ఫోన్ చెయ్యండి. వీళ్ల 2019 ఒక కేసు మా సొంతానికని పక్కన పెట్టుకున్నాం. అందులో మూడు సీసాలు పాప కోసం తీసి పెట్టాం. మిగతా తొమ్మిది అప్పటి ధరకే, మనిషికి ఒకటి చొప్పున, ముందు అడిగినవాళ్లకి.