పేరు తెలియని ఆ అక్కకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

వెంట్రుక చుట్టుకుని బిగుసుకుపోయిన పాప కాలి వేలు దక్కింది. రంగు మామూలుగా మారింది, రక్తం బాగానే అందుతోందని డాక్టర్ గారు చెప్పారు. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన, అమ్మ, అత్తయ్య రాత్రంతా నాతోనే ఉన్నారు. వాళ్ల గురించి వేరే చెప్పేదేముంది. ఇది పిల్లల ఎమర్జెన్సీ బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఒక అక్క కోసం.

ఆమె ఒళ్లో జ్వరంతో ఉన్న బాబు. అయినా మా పాప ఏడుపు విని, "ఇది ఆకలి ఏడుపులా లేదమ్మా, సాక్సులు తీసి చూద్దామా" అంది. తీస్తే మధ్య వేలు ఎర్రగా ఉబ్బిపోయి, చివర నల్లబడుతోంది. వేలి మొదట్లో గాడి. అందులో వెంట్రుక ఉందని ఫోన్ లైటు వేసి చూపించింది ఆమే. వెంటనే తన టోకెన్ నా చేతిలో పెట్టి, "ముందు నువ్వెళ్లు" అంది. తన బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే!

డాక్టర్ గారు భూతద్దంతో చూస్తూ వెంట్రుక కింద సన్నని పరికరం దూర్చి కత్తిరించారు. లోపల ఇంకో చుట్టు ఉంది. అది నా వెంట్రుకే. కాన్పయ్యాక కొన్ని నెలలు జుట్టు బాగా రాలుతుంది కదా. తడిస్తే సాగి, ఆరాక బిగుసుకుంటుందట. వాపు పెరిగేకొద్దీ చర్మం దాన్ని కప్పేస్తుంది. ఆలస్యమైతే రక్తం ఆగి వేలే పోవచ్చట.

బయటికొచ్చేసరికి నాకు కాళ్లు వణుకుతున్నాయి. అక్క ఏమీ అడగలేదు. నా వెనక నిలబడి, చెదిరిపోయిన జుట్టు వేళ్లతో దువ్వి గట్టిగా ముడేసింది. "బాలింతలకి జుట్టు రాలకుండా ఉంటుందా, నువ్వేం చేస్తావమ్మా" అంది. అంతే, బిగబట్టుకున్న ఏడుపంతా వచ్చేసింది. అక్కా, బాబుకి జ్వరం తగ్గిందా? ఇది ఎలాగైనా నీ కంటపడాలి.

ఒక బాధ కూడా చెప్పాలి. అంతకుముందు వెళ్లిన చోట సాక్సులు తీయకుండానే గ్యాస్ అని చుక్కలు రాసి పంపేశారు. ఇక్కడ కౌంటర్లో పాప గుక్కపట్టి ఏడుస్తున్నా ఫారం నింపి కూర్చోమన్నారు. ఏడుపు ఆపని పసిబిడ్డను బట్టలు విప్పి తల నుంచి కాళ్ల దాకా చూడడానికి ఎంతసేపు పడుతుంది?

పసిపిల్లలున్న వాళ్లు సాక్సులు, గ్లౌజులు తిరగేసి లోపల వదులుగా ఉన్న దారాలు కత్తిరించండి. స్నానం చేయించేటప్పుడు ప్రతి వేలూ చూడండి, డైపర్ తీసి అక్కడా చూడండి. ఏదైనా చుట్టుకుని సులువుగా రాకపోతే లాగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

అయ్యో, డ్రెస్సింగ్ చేసిన సిస్టర్‌కి థాంక్స్ చెప్పలేదు. అర్ధరాత్రి కారు తీసిన పైఇంటి అన్నయ్యకి, మా పెద్దవాణ్ణి తన దగ్గర పడుకోబెట్టుకున్న వదినకి కూడా. ఇంకా, నా చేతిలోంచి జారిపడ్డ కాగితాలన్నీ ఏరి ఇచ్చిన సెక్యూరిటీ తాతగారికి.