కూలెంట్ తగ్గుతుంటే నీళ్లు పోస్తూ కూర్చోకండి, కారేచోటు వెతకండి

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో వాహనాల సంరక్షణ గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. టైర్లలో గాలి, బ్యాటరీ, ఏసీ గురించి రాసినవి సబబుగానే ఉన్నాయి. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగ్గుతుంటే కంగారు పడనవసరం లేదని, బండిలో ఒక నీళ్ల డబ్బా ఉంచుకుని ఎప్పటికప్పుడు నింపుకుంటే సరిపోతుందని రాసిన చోట మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉండేది శృంగవరపుకోటలో. విశాఖ నుంచి అరకు వెళ్లే బండ్లు మా ఊరు దాటాకే ఘాట్ ఎక్కుతాయి. ఆ సలహా పాటించినవాళ్లు అనంతగిరి మలుపుల్లో బానెట్ ఎత్తి, పిల్లాపాపలతో రోడ్డు పక్కన నిలబడటం మాకు కొత్త దృశ్యం కాదు.

కూలెంట్ డీజిలులా ఖర్చయ్యేది కాదు. ఇంజిన్ ఆయిల్‌లా కొద్దికొద్దిగా కాలిపోయేదీ కాదు. అది తిరిగే దారి మొత్తం మూసి ఉంటుంది. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచించి, దాని వేడిని గాలికి వదిలే రేడియేటర్ మూతలోని కవాటం గుండా పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి కొంత పోతుంది, చల్లారాక అదే మూతలోని రెండో కవాటం తెరుచుకుని వెనక్కి లాక్కుంటుంది. కాబట్టి డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య కాస్త పైకీ కిందికీ కదలడం మామూలే. వారం తిరక్కుండా కింది గీత దాటి పడిపోతోందంటే ఎక్కడో బయటికి పోతోందన్నమాట. ఆవిరైపోయిందిలే అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆవిరైనా బయటికి రావడానికి దానికో కంత కావాలి కదా.

ఆ కంత వల్ల నష్టం కూలెంటు ఒక్కటే అయితే నీళ్లు పోసుకుని పోవచ్చు. అసలు నష్టం పీడనం. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె వేసి ఉంటుంది. లోపల అన్ని బార్ల పీడనం నిలవాలని దాని అర్థం. సగం కూలెంటు, సగం నీళ్ల మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒక బారు పీడనం నిలిస్తే సుమారు 128 వరకు మరగకుండా ఓర్చుకుంటుంది. పీడనం జారిపోతే ఆ ఓర్పు పోతుంది. కూలెంట్ బదులు మంచినీళ్లే పోస్తూ వచ్చినవాళ్ల సంగతి మరీ అన్యాయం. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పీడనం నిలవని ఇంజిన్‌లో అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రెండో గేరులో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కే ఇంజిన్‌కు 97 ఒక లెక్కా? డబ్బా నిండుగా ఉన్నా బండి పొగలు కక్కుతుంది. ‘నీళ్లు ఉన్నాయి కదండీ, మరి ఎందుకిలా?’ అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

మా మేనల్లుడు ఏడు సీట్ల డీజిల్ బండిలో పర్యాటకులను తిప్పుతాడు. నిరుడు ఆ బండికి కూలెంట్ తగ్గడం మొదలైంది. కింద చుక్క కనబడదు. మొదటి షెడ్డులో మూత మార్చారు, రేడియేటర్ పైపులు మార్చారు. కంపెనీ బిగించిన స్ప్రింగు క్లిప్పులు తీసేసి మర క్లిప్పులు వేశారు. రబ్బరు వేడికి ఉబ్బినా చల్లారి కుంచించుకున్నా స్ప్రింగు దాన్ని పట్టుకునే ఉంటుంది, మరకు ఆ గుణం లేదు, అయినా కొత్తది తళతళలాడుతుంటే యజమాని తృప్తి పడతాడు. రెండో షెడ్డులో రేడియేటరే మార్చేశారు. మూడోచోట ఒక పెద్దమనిషి బానెట్ ఎత్తి, ఏమీ ముట్టుకోకుండా, ‘హెడ్డు దించాలి, గాస్కెట్ పోయింది’ అని తేల్చేశారు. హెడ్డంటే ఇంజిన్ పైభాగం, గాస్కెట్ అంటే దానికీ కింది భాగానికీ మధ్యనుండే పలుచని సీలు. అప్పటికి ఖర్చు ఇరవై వేలు దాటింది, తగ్గడం మాత్రం తగ్గలేదు. ‘మామయ్యా, హెడ్డు దించమంటావా?’ అని ఫోను చేశాడు. బండి సాయంత్రం తెచ్చి మా వాకిట్లో పెట్టమన్నాను. పొద్దున్న దాకా ఎవరూ తాళం పెట్టవద్దన్నాను.

రాత్రంతా చల్లారిన ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు. వేడి మీద కారిన చుక్క కారినచోటే ఆవిరవుతుంది, నేల దాకా రానే రాదు. పైగా కొన్ని లీకులు చల్లబడి క్లిప్పులూ ప్లాస్టిక్కూ కుంచించుకున్నప్పుడే బయటపడతాయి, ఇంజిన్ కాగిందంటే అవే మూసుకుపోతాయి. పొద్దున్నే మూత తీసి, దాని స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు, సైకిల్ పంపు లాంటి చేతి పంపు, దానికి పీడనం చూపే ఒక గడియారం. మూత మీది అంకె ఎంతో అంతవరకే గాలి కొట్టాలి. దాటితే లేని లీకులు మనమే పుట్టించినవాళ్లమవుతాం. 1.1 దగ్గర ఆపి, కాఫీ తాగి వచ్చేసరికి ముల్లు 0.9కి దిగి ఉంది. ఎక్కడో పోతోందని రుజువైంది. ఎక్కడో ఇంకా తెలియదు.

ఇంజిన్ కిందుండే ప్లాస్టిక్ పళ్లెం విప్పించాను. దాని మీద ఒక పక్కగా గులాబీ రంగు పొక్కు ఎండిపోయి అంటుకుని ఉంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. కూలెంట్‌లో నీళ్లు ముందు ఆవిరైపోయి, మిగిలిన మందులు ఇలా గడ్డకడతాయి. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. పొక్కు ఉన్నచోట పైకి చూసి, నేరుగా ఏది కనబడితే అది మార్చేస్తారు. కారిన ద్రవం కిందికి దిగుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పోతుంది, తిరిగే బెల్టు తగిలితే మూడు దిక్కులా చిమ్ముతుంది. తడి కనబడిన ప్రతిచోటా కాదు, అన్నిటికంటే పైనున్న తడి ఎక్కడో అది పట్టుకోవాలి. బెల్టు పక్క కవరు లోపలివైపు కూడా అవే గులాబీ తుంపరలు కనబడ్డాయి. అంటే తిరిగేది ఏదో చిమ్ముతోంది. టార్చి ఒక చేత్తో, పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దం ఒక చేత్తో పట్టుకుని, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు అడుగు చూశాను.

వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. పంపు ఇరుసుకు రెండు వైపులా రెండు కాపలాదార్లు: లోపల కూలెంట్‌ను ఆపే సీలు, బయట బేరింగు. సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోయి దాన్ని తినేయకుండా, మధ్యలో ఈ రంధ్రం గుండా బయటికి వచ్చేలా తయారీదార్లు కావాలనే వదులుతారు. అక్కడ తడి కనబడితే పంపు మార్చే వేళయిందని కబురన్నమాట. ఈ పంపు రంధ్రం నాకు అద్దంలో కనబడలేదు. ఉండాల్సినచోట బూడిదరంగు ముద్ద ఉంది. ఎవరో మహానుభావుడు ఎం-సీల్ కలిపి, చక్కగా వేలితో నొక్కి, రంధ్రం పూడ్చేశాడు!

ఎవరన్నది నేను ఆరా తీయలేదు. కారడం ఆగిందని ఆయనా సంతోషించి ఉంటాడు. దారి మూసేసరికి కూలెంట్ బేరింగు గుండా వచ్చి, పంపు మీద బెల్టు తిరిగే చక్రం, అంటే కప్పీ, వెనక నుంచి చిమ్మసాగింది. టెస్టర్ పీడనం కింద ఇంకాసేపు ఆగితే కప్పీ వెనక ఇరుసు చుట్టూ గులాబీ చెమట పట్టి, చుక్కగా కూడి, జారింది. చేత్తో కప్పీ పట్టుకుని ఊపితే లూజు తెలిసింది. ఈ బండిలో పంపు బయటి బెల్టుతో తిరుగుతుంది కాబట్టి సరిపోయింది. చాలా కార్లలో వాల్వులను నడిపే టైమింగ్ బెల్టే పంపును తిప్పుతుంది. అక్కడ బేరింగు పట్టేస్తే బెల్టు పళ్లు జారి, వాల్వులు పోయి పిస్టన్లను కొట్టుకుంటాయి. అప్పుడిక ఇంజినే దించాలి.

హెడ్డు సంగతి కూడా తేల్చుకోవాలి కదా. దానికీ దించి చూడనక్కర్లేని పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి, ఇంజిన్ నడుపుతూ లోపలి గాలిని అందులోకి పీల్చాలి. గాస్కెట్ పోయి మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే నీలం పెట్రోలు బండికైతే పసుపుకు, డీజిల్ బండికైతే ఆకుపచ్చకు తిరుగుతుంది. మా వాడి బండికి నీలం నీలంగానే ఉంది. చలికాలం పొద్దున సైలెన్సర్‌లో కాసేపు కనబడే తెల్ల ఆవిరిని, ఆయిల్ మూత కింద పట్టే కాస్తంత మీగడను చూపించి హెడ్డు దించమనేవాళ్లున్నారు. దగ్గరి దూరాలే తిరిగే బండికి ఆ మీగడ పట్టడం సహజం. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిలే పాలకాఫీ రంగుకు తిరిగితే మాత్రం ఇంజిన్ ఆపేయాల్సిందే.

బయట ఎక్కడా జాడ లేకుండా తగ్గితే చూడాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. డీజిల్ బండ్లలో పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లోపల పగిలితే కూలెంట్ పొగగొట్టం దారినే పోతుంది, దాన్ని విప్పి విడిగా పరీక్షించాలి. డాష్‌బోర్డు వెనక హీటర్‌కు ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. మన కోస్తాలో హీటర్ వేసేవాళ్లు లేరు కనుక అది ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు. హీటర్ వేసినా వేయకపోయినా చాలా బండ్లలో దానిగుండా కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది. ముందు సీటు కింద తివాచీ తడిసి, తీపి వాసన కొట్టి, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకేస్తే అనుమానించాలి. ఏసీ నీళ్లు కారితే వాసన ఉండదు, వేళ్లకు జిడ్డూ ఉండదు. పాత మేస్త్రీలు వేలితో తీసి నాలుకకు రాసి చూసేవారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం.

పసుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కారే రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేసి ఊరు చేరడం మన లారీ డ్రైవర్లకు తరాలుగా తెలిసిన ఉపాయం. దాన్ని నేను వెక్కిరించను. రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలంలో గొట్టాలు వెడల్పుగా ఉండేవి, పసుపు చిన్న కంతలో చేరి మూసేది, తర్వాత షెడ్డులో ట్యాంకులు విప్పి, గొట్టాల్లో కమ్మీ ఆడించి, టంకం పెట్టేవారు. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్ల గొట్టాలు సన్నం, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించినవి. అందులో పసుపు వేసినా, బజారులో దొరికే లీకు మందు పోసినా, మంచి గొట్టాలూ, ఆ హీటరూ పూడుకుపోతాయి. బోరునీళ్లదీ ఇంచుమించు అదే పని. సున్నం గారలా పట్టి వేడిని బయటికి పోనివ్వదు. ఘాట్ మధ్యలో తప్పనిసరై నీళ్లు పోశామంటే ఒప్పుకుంటాను. ఊరు చేరాక అవి తీసేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ పాళ్లు చూసి నింపాలి.

షెడ్ల యజమానులకు నా విన్నపం ఒకటుంది. రేడియేటర్ ధరలో చిన్న వంతుకే వచ్చే టెస్టర్ కొనండి. కూలెంట్ తగ్గుతోందని బండి వస్తే, ఏ భాగమైనా మార్చే ముందు ఎంత పీడనం పెట్టారో, పావుగంటకు ఎంత మిగిలిందో బిల్లు మీద రాయండి. పని అయ్యాక మళ్లీ పెట్టి ఆ అంకె కూడా రాయండి. రక్తపోటు చూడకుండా మందు రాసే డాక్టర్ దగ్గరికి మనం వెళ్లం, మరి ముల్లు చూడకుండా హెడ్డు దించేవారికి వేలకు వేలు ఎందుకు ఇస్తున్నామో బండి యజమానులు కూడా ఆలోచించాలి. మా మేనల్లుడి పంపు, పంపు గాస్కెట్, కూలెంట్, కూలీ అన్నీ కలిపినా ముందు మార్చిన రేడియేటర్ ఖర్చులో సగం కాలేదు. కొత్త పంపు బిగించాక పెట్టిన 1.1 పావుగంట తర్వాతా 1.1 దగ్గరే ఉంది.

మీరు మళ్లీ వాహనాల పేజీ వేసేటప్పుడు రెండు సంగతులు చేర్చండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పకూడదన్నది పెద్ద అక్షరాల్లో వేయండి. పీడనం ఒక్కసారిగా పోయి మరుగుతున్న కూలెంట్ ముఖం మీదికి లేస్తుంది, ఈ ఘాట్ కింద చేతులు కాల్చుకున్నవాళ్లను నేను చూశాను. రెండోది, తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు కాలువలోకి వదలవద్దని రాయండి. తీపికి వీధికుక్కలు నాకుతాయి, కొద్దిపాటికే వాటి మూత్రపిండాలు పోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఇంజిన్ ఆయిల్ తీసుకెళ్లేవారిని దీన్ని కూడా తీసుకుంటారేమో అడగాలి. దాన్ని ఆయిల్‌లో మాత్రం కలపకూడదు.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
శృంగవరపుకోట, విజయనగరం జిల్లా