నయమైనా చర్చి గడప దగ్గరేనా?
కుష్ఠు నయమైనవారిని దూరం పెట్టడం మన చర్చిల్లో కూడా ఆగలేదు. మా సంఘంలో వేళ్లు వంకరపోయిన ఒక అవ్వ ప్రతి ఆదివారం చెప్పులు విడిచే చోటే కూర్చుంటుంది. ప్రభువు బల్లలో పంచే ద్రాక్షరసం గిన్నె అందరి తర్వాతే ఆమెకు అందుతుంది. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఈ జబ్బు అంటుకునే గుణం పోతుంది, ఏడాదిలో కోర్సు పూర్తవుతుంది. మరి భయం దేనికి? యేసు కుష్ఠురోగిని ముందు ముట్టుకున్నాడు, ఆ తర్వాతే అతను బాగయ్యాడు. మన డిచ్‌పల్లిలో 1915లోనే మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ ఈ రోగుల కోసం ఆస్పత్రి నడిపారు. కుష్ఠు వ్యతిరేక దినమైన జనవరి 30కి దగ్గరి ఆదివారం పాస్టర్లు ఆరోగ్య సిబ్బందిని పిలిచి మచ్చల పరీక్ష చేయించాలి. కానుకల్లోంచి స్పర్శ లేని పాదాలకు మెత్తటి రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు కొనివ్వాలి. అంతకంటే ముందు, వచ్చే ఆదివారమే అవ్వను లోపలికి పిలిచి మన పక్కన కూర్చోబెట్టుకోవాలి.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా