నాన్న నడుము పట్టీ

అనంతపురం,
ఆదివారం

ప్రియమైన సీనూ,

జవాబు ఆలస్యమైంది, కోపగించుకోకు. ఇక్కడ అందరం క్షేమం. చెల్లికి హిందూపురం బదిలీ అయింది. మామిడికాయ ఊరగాయ పెట్టాం, నీ వాటా జాడీలో ఉంది. మిగతా కబుర్లు తరువాత. నాన్న సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

షుగరు వచ్చే సూచనలున్నాయి, పొట్ట తగ్గించమని డాక్టరు గారు చెప్పారు కదా. నాన్న విన్నది మాత్రం బజారులో ఒక దుకాణంవాడి మాట! 'చెమట కారితే కొవ్వు కరిగినట్టే' అని చెప్పి రబ్బరు నడుము పట్టీ అంటగట్టాడట. మన ఊరి మే ఎండ నీకు తెలియనిదా? ఆ ఎండలో, చొక్కా కింద పట్టీ బిగించుకుని, పీటీసీ మైదానం చుట్టూ తిరిగాడు. పెదవులు ఎండిపోయి, కళ్లు తిరిగి, వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నా గుండె ఆగినంత పనైంది. ఆయనేమో 'కిలో తగ్గానురా!' అని సంబరపడుతున్నాడు.

ఉప్పు వేసిన మజ్జిగ తాగించాను. సాయంత్రానికి ఆ కిలో మళ్లీ వచ్చేసింది.

చెమటలో పోయేది నీళ్లు, ఉప్పు. కరిగిన కొవ్వు చాలావరకు కార్బన్ డయాక్సైడుగా మారి ఊపిరితో వెళ్లిపోతుందని చెప్పాను. పది కిలోలు కరిగితే 8.4 కిలోలు ఊపిరిలోనే పోతాయి, తక్కింది నీరవుతుంది. 'గాలికి బరువెక్కడిదిరా?' అన్నాడు. ఇక ఆయన వేరుశనగ వ్యాపారాన్నే పట్టుకున్నాను. 'పచ్చి వేరుశనగకాయలు ఎండబెడితే తూకం తగ్గుతుంది కదా, గింజలో నూనె తగ్గుతుందా?' అని అడిగాను. కాయను చెవి దగ్గర ఆడించి, గలగల విని తేమ ఎంతో చెప్పే మనిషి కదా! (చిన్నప్పుడు నువ్వు నిక్కరు జేబులో దాచిన కాయల సంగతి ఆ గలగలతోనే బయటపడింది.) కాసేపు ఆలోచించి, 'అయితే తేమ పోయింది, నూనె అక్కడే ఉంది' అన్నాడు. లేచి పట్టీని అటక మీదికి విసిరేశాడు. సీనూ, అప్పుడు నువ్వు పక్కన ఉండాల్సింది!

ఇప్పుడు ఎండ ఎక్కకముందే అరగంట నడుస్తున్నాడు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి ఓ మోస్తరు శ్రమ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కండ తరిగిపోకుండా, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా చేయిస్తున్నాను. అసలు పోరు తిండి దగ్గరే. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 క్యాలరీలుంటాయి, అరగంట నడక దాదాపు దానికే సరి! అందుకే అమ్మ నూనె కొలిచి పోస్తోంది. ఉగ్గాని ఉంది, పక్కన బజ్జీలు లేవు. రాగి ముద్ద సగమైంది, ఆకుకూర పప్పు రెట్టింపైంది. వేరుశనగ చట్నీ మాత్రం వదలనంటున్నాడు. వదలనక్కర్లేదు, ఒక్క చెంచాతో ఆపితే చాలు. వారానికి అర కిలో తగ్గినా నాకు పండగే.

అన్నట్టు, మన దేశంలో మగవాళ్ల నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నీ బెల్టుకు మేకుతో కొట్టిన కొత్త రంధ్రం నేను మరిచిపోలేదు, కాబట్టి ముందు టేపు తీసి... నాన్న సంచి పట్టుకుని పిలుస్తున్నాడు, కూరగాయలకు వెళ్లాలి. నీ కొలత వెంటనే రాయి.

నీ,
రాము